పొయ్యి మీది జపాన్ కూర

పోయిన వారం ఆదోనిలో కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్టులో జపాన్ కూర మసాలా పెట్టెలు వరుసగా పేర్చి కనబడ్డాయి. నా పక్కనున్న దంపతులు పెట్టె మీది ఆకుపచ్చ చుక్కను ఒక్క క్షణం చూసి, వెనక్కి తిప్పనైనా తిప్పకుండా బండిలో పడేసుకున్నారు. నేను తిప్పి చదివాను. బెంగళూరు దగ్గర తయారైన సరుకు. పామాయిలు, గోధుమపిండి, చక్కెర, ఉప్పు, పసుపు, ధనియాలు, రంగు. చట్టప్రకారం లోపమేమీ లేదు. మన పసుపునూ ధనియాలనూ పిండితో, నూనెతో కలిపి ఇటుకలాగా గడ్డకట్టించి, పరదేశపు పేరుతో మనకే అమ్మడం నేరం కాదు, లేకితనం మాత్రమే. నా ఈడు పాఠకులకు ఈ ఏవగింపు అర్థమవుతుందనే అనుకుంటాను. అయితే ఆ పెట్టె నాకు గుర్తుచేసింది రుచిని కాదు, కొన్నేళ్ళ కిందట ఎమ్మిగనూరులో మా మరిది ఇంట్లో గడిచిన ఒక ఉదయాన్ని.

నేను ఆదోనిలో ఒక నూనెమిల్లు ప్రయోగశాలలో కెమిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఆ రోజుల్లో కౌతాళం వైపునుంచి రైతు ఇల్లాళ్ళు సీసాల్లో నూనె తెచ్చి, శనగనూనెలో పత్తిగింజల నూనె కలిసిందేమో చూసి చెప్పమని నిలదీసేవారు. చదువు లేని ఆ ఆడవాళ్ళు నోట్లోకి పోయే వస్తువు ఏమిటో తెలిసేవరకూ గడప దిగేవారు కారు. మా మరిది పట్టభద్రుడు. కిరాణా హోల్‌సేలు వ్యాపారంలో నాలుగు రాళ్ళు వెనకేసి, బెంగళూరులో ఎవరో జపాన్ ఇంజనీర్లతో కలిసి ఒకపూట భోంచేసి, ఆ కూర మసాలాను దిగుమతి చేసి దక్షిణదేశమంతా అమ్ముతానని బయలుదేరాడు. సరుకు మద్రాసు రేవులో దిగింది. అధికారులకు చూపవలసిన ఇంగ్లీషు లేబులును ఒకసారి సరిచూడమని నన్ను పిలిపించాడు.

మా మామగారు మంత్రాలయం దగ్గరి ఒక చిన్న మఠంలో వంటసేవ చేసేవారు. మడి కట్టుకుని పొయ్యి ముందు నిలబడితే, ఉప్పు ఎక్కడిదో తెలియకుండా చిటికెడు కూడా వేయని మనిషి. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది: ఎవరు ఏ వ్యాపారం మొదలుపెట్టినా తొలి సరుకులో కొంత వండి, దేవునికి నైవేద్యం పెట్టి, తరువాతే అంగడికి పంపాలి. కందిపప్పుకూ బెల్లానికీ చెల్లిన ఆ ఆచారాన్ని మా మరిది జపాన్ ఇటుకకూ వర్తింపజేశాడు. నమూనాగా వచ్చిన పెట్టెను తల్లి చేతికిచ్చి, ఇది పసుపు, ధనియాలు, గోధుమపిండి కలిపిన మసాలా అని చెప్పాడు. పెట్టె మీది బొమ్మలో క్యారెట్టూ ఉర్లగడ్డా ఉన్నాయి కనుక అది శాకాహారమనీ, ఉల్లిగడ్డ కనబడలేదు కనుక ఉల్లి లేదనీ అతడు తేల్చుకున్నాడు. బొమ్మను చూసి లోపలి పదార్థాన్ని నిర్ణయించే ఈ పద్ధతిని ఏ కళాశాల నేర్పిందో నాకు తెలియదు. కొడుకు మాట కనుక మామగారు సరేనన్నారు.

నేను వెళ్ళేసరికి అత్తగారు ముక్కలు ఉడికించి, ఆ మసాలా బిళ్ళలు విరిచి వేస్తున్నారు. మామగారు దేవుని గదిలో ఉన్నారు. లేబులులో రెండవ పదార్థం 'తినదగిన కొవ్వు' అని ఉంది. మన నిబంధనలు అంతటితో ఊరుకోవు. పందికొవ్వు, గొడ్డుకొవ్వు ఉంటే వాటి పేరు పెట్టి రాయాలి. గొడ్డుమాంసానికి సంబంధించినది ఏ రూపంలో ఉన్నా సరుకు దేశంలోకే రాకూడదు, అది లేదని దిగుమతిదారు రాసి సంతకం పెట్టాలి. బిళ్ళ గట్టిగా ఉన్నంత మాత్రాన జంతువుల కొవ్వని చెప్పలేము, పామాయిలు కూడా గడ్డకడుతుంది. అందువల్ల సరుకు తెప్పించి ఇచ్చిన ఏజెంటుకు ఫోను చేయమన్నాను. మరిది స్పీకరు పెట్టి ఫోనును వంటింటి గడప దగ్గర ఉంచాడు.

“అక్కా, తినే కొవ్వంటే తినేదే గదా, తలకు పూసుకునేది కాదు గదా!” అని అవతల నవ్వు.

దేని కొవ్వో చెప్పమన్నాను.

“ఆవుదీ పందిదీ కలిపింటారంట. ఆడ అందరూ తినేదే. ఈడ లేదని అన్న ఒక సంతకం కొట్టిస్తే సరిపాయె. మద్రాసులో ఎవురు కరగబెట్టి సూస్తారక్కా?”

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. నేను పొయ్యి ఆర్పాను. మామగారు మడిపంచెతో గడప అవతల నిలబడి ఉన్నారు, అంతా విన్నారు.

“ఏమప్పా, నీకు ముందే తెలుసునా ఇది?”

“లేదు నాన్నా. ఐనా మనం తినేదానికి కాదు గదా, అమ్మేదానికి తెప్పించినాము.”

“మరి మీ అమ్మ పొయ్యి మీద ఏముండాదప్పా?”

అంత జరిగిన తరువాత కూడా మరిది నన్ను వాకిట్లోకి పిలిచి, వదినా, కొవ్వు మాట తీసేసి వట్టి నూనె అని రాస్తే కుదురుతుందా అని అడిగాడు. సంతకం పెడితే రేవు అధికారికి నేనే జాబు రాస్తానన్నాను. అతడు మానుకున్నది అందుకే, సిగ్గుపడి కాదు. సరుకు ఓడెక్కి తిరిగిపోయింది.

ఆ సాయంత్రమే మామగారు మఠానికి వెళ్ళి జరిగినదంతా పెద్దలకు చెప్పారు. మీ నోట్లో పడలేదు, దేవుని ముందుకు పోలేదు, మీకేం దోషమని వాళ్ళు ఎంతో నచ్చజెప్పారట. నా పొయ్యి మీద ఉడికింది అని మాత్రమే అన్నారట ఆయన. మళ్ళీ వంటశాలలోకి అడుగుపెట్టలేదు. బయటి అరుగు మీద కూర్చుని, ఎవరో వండబోయే కూరలకు వంకాయలూ సొరకాయలూ తరుగుతూ చివరి ఏళ్ళు గడిపారు. ముసలాయనకు విశ్రాంతి దొరికిందిలే అని మా మరిది ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చుని, ఆనాడు వదిన అడ్డుపడకుంటేనా అని ఆ కథను నవ్వులాటగా చెబుతాడు, పక్కవాళ్ళు నవ్వుతారు కూడా.

మామగారిని చెప్పమని ఏ చట్టమూ అడగలేదు, ఏ అధికారీ నిలదీయలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అడగకముందే చెప్పే అటువంటి మనుషుల మధ్య కోడలిగా మసలినదాన్ని. సంతకం పెడితే అబద్ధం నిజమైపోతుందనుకునే వీళ్ళ పంక్తిలో భోజనానికి కూర్చోవడం నాకిప్పటికీ చేతకావడం లేదు.