పైలు వెనక సందు

గేజి దగ్గర కూర్చుంటే పల్లంరాజు ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఆయన పని అదే: నేలలో దింపిన పైళ్లను, అంటే పునాది స్తంభాలను, జాకీతో పక్కకి తోస్తుంటే ఎంత కదిలాయో చూసి రాయడం. చదివింది ఎనిమిదో తరగతి. ముల్లు చూపించిందే రాస్తాడని, పావు గీత కూడా అటూ ఇటూ చెయ్యడని ఆఫీసులో పేరు.

తొంభై ఎనిమిదిలో వశిష్ఠ గోదావరి ఒడ్డున, పంటు కట్టే రేవులో కొత్త పైళ్లు దింపారు. బడిపిల్లలంతా ఆ పంటు మీదే ఏరు దాటాలి. కట్టిన పంటు తాడు లాగినప్పుడు పైలు పన్నెండు మిల్లీమీటర్లకు మించి కదలకూడదు. సరేనని సంతకం పెట్టాల్సింది కొత్తగా చేరిన ఇంజనీరు దుర్గాశ్రీ. ఒకే బోరులో తీసిన బంకమట్టిలో ఒక ముద్ద వెన్నలా నలిగింది, అడుగు కింది ముద్ద వేలికి లొంగలేదు. ఏది నమ్మాలి? ఆమె లెక్కలో జవాబు ఏడు నుంచి పద్దెనిమిది దాకా వచ్చింది.

రెండు పైళ్ల మధ్య జాకీ పెట్టి తోశారు. జాకీ రెంటినీ సమానంగానే తోస్తుంది. పొడవూ ఒకటే, ఎడం మూడు గజాలు. ఒకటి ఐదు కదిలింది, రెండోది తొమ్మిది.

"పాసు! సంతకం పడేయండమ్మా, ఆకలి దంచేస్తోంది," అన్నాడు కాంట్రాక్టరు బుల్లిరాజు.

పల్లంరాజు రాలిన కొబ్బరాకు నుంచి ఈనె చీల్చి, తొమ్మిది కదిలిన పైలు వెనక గుచ్చాడు. మూరెడు ఈనె ఎక్కడా తగలకుండా దిగిపోయింది. మట్టి పైలును వదిలేసింది. ఆ సందులో నీళ్లు ఊరుతున్నాయి.

"పంటు రోజుకి ఒక్కసారే లాగుతుందా అండి?"

"ఏంటండీ పల్లంరాజుగారూ, గేజి మానేసి జాతకాలు చూస్తున్నారా?"

"జాతకం మనకి రాదండి. మళ్లీ తోస్తే చూస్తాను."

దుర్గాశ్రీ వంగి ఆ సందులోకి చూసింది. పుస్తకంలో ఆ మట్టికి 'మెత్తని బంక' అని ఒక్కటే మాట. ఇక్కడ మూడు గజాల్లోనే అది రెండు రకాలుగా నిలబడింది. ఏ వరద ఏ పొర పరిచి వెళ్లిందో!

"జాకీ విప్పకండి," అంది.

తోశారు, వదిలారు, మళ్లీ తోశారు. ఐదోసారికి పదకొండు. పదోసారికి పన్నెండున్నర. మొదటి పైలు మాత్రం ఆరు దాటలేదు.

"ఎక్కడ ఆగుతుందంటారు?" అడిగింది.

పల్లంరాజు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లు చూశానండి. ఇప్పటికీ ఈ మట్టికి దండం పెట్టుకునే కూర్చుంటాను."

ఒక్క అంకె రాయాల్సిన గడిలో దుర్గాశ్రీ రెండు రాసింది: ఆరు, పన్నెండున్నర, ఇంకా ఆగలేదు. కింద, ప్రతి పైలుకూ తోడు పైలు వేసేదాకా పంటు ఇక్కడ కట్టరాదని రాసి సంతకం పెట్టింది.

బుల్లిరాజు తల పట్టుకున్నాడు. పల్లంరాజు ముల్లు మీదికి వంగి, పదకొండోసారి తోయమని చెయ్యి ఊపాడు.