తొడుగుకు పెట్టిన కన్నం

ఆ వీధిలో అందరూ ఆమెను కత్తెర పిన్ని అంటారు. సంచులు, సీటు కవర్లు కుట్టి బతికే మనిషి. బ్యాటరీ సైకిళ్ళ వాడకం పెరిగాక ఆమె బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. బ్యాటరీ డబ్బాకు వానా దుమ్మూ తగలకుండా లోపల స్పాంజి, పైన రెగ్జిన్ వేసి తొడుగు కుట్టింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఛార్జి పెట్టేటప్పుడు తొడుగు విప్పే పని లేకుండా, వైరు దూరేలా పక్కన కన్నం పెట్టి, దాని చుట్టూ ముచ్చటగా అంచు కుట్టింది. జనం ఎగబడి కొన్నారు. పిన్ని పొంగిపోయింది. అందరూ మెచ్చుకుంటుంటే ఎవరికి మాత్రం తప్పు కనిపిస్తుంది?

ఒక మధ్యాహ్నం పాలవాడు తొడుగు తెచ్చి బల్ల మీద పడేశాడు. కుట్టు ఊడిందని సణిగి, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. పిన్ని దాన్ని తిరగేసి చూసింది. ఊడింది కుట్టు కాదు. స్పాంజిని అంటించిన జిగురు కరిగి కారింది. స్పాంజి గోధుమరంగుకు తిరిగి, వేలు పెడితే పొడిపొడిగా రాలింది. ఛార్జి ఎక్కేటప్పుడు బ్యాటరీ వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోకుండా తనే మెత్తగా మూత వేసింది.

వెంటనే ఆమెకు అక్క ఇల్లు గుర్తొచ్చింది. అక్కకు పూల రెగ్జిన్‌తో తొడుగు కుట్టి ఇచ్చింది తనే. ఆ ఇంటికి ఉన్నది ఒకే గది, ఒకే తలుపు. ప్లగ్గు ఆ తలుపు పక్కనే. పైగా ఆ బ్యాటరీ బావగారు చవకలో కొట్టేసింది. పాత సెల్లులు ఏరి అతికించిన డబ్బా. దాని మీద చేసినవాడి పేరు లేదు, ఎన్ని వోల్టులో రాసి లేదు. ఛార్జరు కూడా వేరే సైకిలుది. పిన్ను పట్టింది కదా అని వాడేస్తున్నారు. అక్క దాన్ని ఛార్జికి పెట్టి పనికి పోయే వేళ అది. కాలు విరిగి కట్టు కట్టించుకున్న బావగారు మంచం మీద ఒక్కరే ఉంటారు.

ఫోను చేస్తే మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసినా అంతే. పిన్ని దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి పరుగందుకుంది. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు.

తలుపు చేరవేసి ఉంది. తోసుకుని వెళ్ళేసరికి బావగారు రేడియో వింటూ నవ్వుతూ కనిపించారు. ఫోను కిటికీలో ఉందట, లేవలేక వదిలేశారట. తలుపు పక్క ముక్కాలిపీట మీద పూల తొడుగు, కన్నంలోంచి వైరు. పిన్ని తొడుగు మీద చెయ్యి వేసి, కాలడంతో చటుక్కున వెనక్కి లాక్కుంది. గోడ మీద స్విచ్చి కట్టేసింది. అయినా లోపలి నుంచి సన్నగా బుస వినిపిస్తోంది. గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు ఏదో వాసన.

"మరదలు కుట్టిన తొడుగాయె, ఆ మాత్రం వెచ్చగా ఉండొద్దూ," అన్నారు బావగారు. అక్క వచ్చాక చూద్దాంలే అని కూడా అన్నారు.

డబ్బాను ఎత్తి బయట పడేద్దామా అనిపించింది పిన్నికి. చేతుల్లోనే పేలితే ఇద్దరికీ దిక్కుండదు. మనిషినే బయటికి తీసుకుపోవాలి. తీసుకుపోవాలంటే దాని పక్కనుంచే పోవాలి.

"బావా, నవ్వకు. నా భుజం పట్టుకుని లే," అంది.

ఏనాడూ ‘మీరు’ అని తప్ప పిలవని మరదలు అలా అనేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. ఒంటికాలి మీద కుంటుకుంటూ, ఆమె మీద బరువంతా మోపి కదిలారు. ముక్కాలిపీట దగ్గరికి వచ్చేసరికి కన్నంలోంచి తెల్లటి పొగ చిమ్మింది. పిన్ని కళ్ళు మూసుకుని ఆయన్ని గడప అవతలికి ఒక్క తోపు తోసింది. ఇద్దరూ వాకిట్లో పడ్డారు. వెనకే పెద్ద చప్పుడు. తలుపు నిండా మంట.

అగ్నిమాపక సిబ్బంది వచ్చి ఆర్పేసరికి మంచం, బట్టలు, రేడియో అన్నీ బూడిదయ్యాయి. అక్క ఉరుకుల పరుగుల మీద వచ్చి భర్తను తడిమి చూసుకుని, ఆ తర్వాత ఆయన్ని తిట్టి దులిపేసింది. చవక బేరం కొంపకు నిప్పు పెట్టిందంది. చుట్టూ చేరినవాళ్ళూ అదే అన్నారు. బావగారు తల దించుకున్నారు. తొడుగు మాట ఎత్తలేదు, మరదలి వైపు చూడనైనా చూడలేదు.

తొడుగు బూడిదలో కలిసిపోయింది. పిన్ని నోరు మెదపకపోతే అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ తొడుగులు ఇంకా ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి!

"బ్యాటరీదే కాదక్కా, నాదీ తప్పే. ఆ వేడిని మూసిపెట్టింది నా తొడుగే," అంది. ఆమెకు ఏడుపు ఆగలేదు. అక్క ముఖం తిప్పుకుని భర్త కాలి కట్టు సర్దసాగింది. అంతకన్నా రెండు తగిలించినా బాగుండేదనిపించింది పిన్నికి.

సిబ్బందిలో పెద్దాయన మాత్రం విని, వెంటనే అందరికీ చెప్పమన్నాడు. బ్యాటరీకి దాని ఛార్జరే వాడాలనీ, గాలి తగిలేచోట గట్టి నేల మీద పెట్టాలనీ, బయటికి పోయే దారికి అడ్డంగా అసలు పెట్టొద్దనీ అన్నాడు.

సాయంత్రం పాలవాడు వచ్చేసరికి పిన్ని తొడుగులు కొన్నవాళ్ళకు కబురు పంపి, మిషను ముందు కూర్చుని ఉంది. ఎదుట ఇక అమ్మకుండా పక్కన పడేసిన తొడుగుల కుప్ప. అతని తొడుగు తిరిగి ఇవ్వననీ, అంత కాగిన బ్యాటరీని మళ్ళీ ఛార్జి పెట్టకుండా కొన్నచోట చూపించమనీ చెప్పింది. వట్టి రెగ్జిన్‌తో కుట్టిన కొత్తది చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"కన్నం ఏది పిన్నీ?"

"పెట్టలేదు."

"మరి ఛార్జి ఎలా పెట్టేది?"

"తొడుగు విప్పి పెట్టు. ఎక్కినంతసేపూ పక్కనే ఉండు."

ప్రతిసారీ విప్పాలంటే విసుగని అనబోయి అతను ఆగిపోయాడు. పిన్ని జుట్టు ఇంకా పొగ వాసన వేస్తోంది.