వాల్యూమ్ ముట్టుకోకు

ఆ రోజు పొద్దున నా భర్త వెలిచ్కో నా వ్యాను కిటికీలోంచి పెన్‌డ్రైవ్ అందించి, "రూష అవ్వది. వాల్యూమ్ ముట్టుకోకు దోన్కా" అన్నాడు. రోజూ అనే మాటే. నేను కనుమ అవతలి ఊళ్ళో పుస్తకాలు ఇస్తుండగా కబురొచ్చింది. పెరట్లో కట్టెలు పేరుస్తూ వెలిచ్కో కూలిపోయాడు. గుండె ఆగిపోయింది.

నేను గ్రంథాలయం వ్యాను నడుపుతాను. మా రొడోపి కొండల్లో ముసలివాళ్ళు పొయ్యి పక్కన కూర్చుని చెప్పే పాత సంగతులు ఫోన్‌లో రికార్డు చేసుకుని, దారిలో వింటాను. కట్టెలు చిటపటలాడతాయి, కుక్క మొరుగుతుంది. రూష అవ్వ ఒక మాట గొణుగుతుంది, ఆ వెంటనే ఇల్లదిరేలా నవ్వుతుంది.

ఒక చలికాలం ఆమె గొంతు ఇంజను మోతలో మునిగిపోతే, వాల్యూమ్ పెంచడానికి వంగాను. తలెత్తేసరికి ఎదుట రోడ్డు లేదు. ముందు చక్రం అంచున కంకర మీద ఆగింది. కింద పొగమంచులో ఏటి చప్పుడు. బ్రేకు మీంచి పాదం తీయడానికి చాలాసేపు ధైర్యం చాలలేదు. ఇప్పటికీ ఆ మలుపు దగ్గర బండి నెమ్మది చేస్తాను.

ఇంటికొచ్చి వెలిచ్కోకి చెప్పాను. వాళ్ళ నాన్న కారు పడింది ఆ లోయలోనే. పక్క సీట్లో ఉన్న పిల్లవాడు వెలిచ్కో. ఆ తర్వాత అతను కారెక్కలేదు. మా పెళ్ళికి కూడా చర్చికి నడిచే వచ్చాడు.

అతను రేడియోలు బాగుచేసేవాడు. మర్నాటి నుంచి నా రికార్డులు చేతికి తీసుకున్నాడు. గొంతు వెనక పొయ్యి హోరు తీసేసేవాడు. గొణుగుడు పెంచి, నవ్వు తగ్గించి, రెండూ ఒక ఎత్తుకు తెచ్చేవాడు. మరీ తుడిస్తే అవ్వ రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుండేది. మళ్ళీ మొదటికొచ్చేవాడు.

"బానే వినబడుతోందిగా, ఇచ్చెయ్యవయ్యా."

"ఇంట్లో లోయ లేదుగా."

"కారెక్కనివాడివి, కార్లో ఎలా వినబడుతుందో నీకేం తెలుసు?"

"తెలుసుకుంటాలే. నీ ముసలమ్మల కబుర్లతో నేనే ముందు ముసలాణ్ణయ్యేట్టున్నా."

సాయంత్రం నాకు ఆలస్యమైతే టోపీ కూడా లేకుండా చలిలో గుమ్మం బయట నిలబడేవాడని పొరుగువాళ్ళు చెప్పేవారు. నా వ్యాను చప్పుడు మలుపు అవతలే గుర్తుపట్టి లోపలికి పోయేవాడు. నేను దిగేసరికి లోపల పొయ్యి దగ్గర చిక్కుడుగింజల పులుసు కలుపుతూ ఉండేవాడు. గరిటె గిన్నె అంచుకు టకటకా కొట్టుకునేది.

అతను పోయిన నలభయ్యో రోజు, మా ఆచారం ప్రకారం సమాధి దగ్గర ఉడికించిన గోధుమలు పంచుతున్నాను. పాల వ్యాను నడిపే మిత్యో దోసిలి పట్టి, "ఇక ఆదివారాలు నా పక్క సీటు ఖాళీయే వదినా" అన్నాడు.

"ఎవరు కూచునేవాళ్ళు?"

"ఎవరేంటి, వెలిచ్కో అన్నే. నువ్వు చర్చికి పోగానే వచ్చేవాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఆపిన బండిలో దారి మోత ఉండదట, అందుకని ప్రతి రికార్డూ కనుమ దాటేదాకా వినేవాడు. 'దోన్కా పోయే వేగంతోనే పోరా' అనేవాడు. రెండు చేతుల్తో తలుపు పట్టుకుని, దారంతా కళ్ళు మూసుకునే కూచునేవాడు."