వాకిట్లో వాలిన చక్రం

నాకు కోపం ముందొస్తుంది, బుర్ర తర్వాత పనిచేస్తుంది. అరవైల చివర బొబ్బిలిలో లెక్కల మాస్టారుగా ఉన్నప్పుడు ఈ జబ్బు మరీ ఎక్కువ.

నేను ట్యూషన్ చెప్పిన ఒక జమీందారీ కుటుంబం వాళ్లు గ్యారేజీ ఖాళీ చేస్తూ, కావాలంటే తోలుకుపొమ్మని ఒక పాత విలాయతీ స్పోర్ట్స్ కారు ఇచ్చారు. రెండే సీట్లు, టాపు లేదు. రోడ్డు మీద అందులో కూర్చుంటే ఎడ్ల కడుపులు తప్ప ఏమీ కనిపించేవి కావు. అయినా ప్రాణంగా చూసుకున్నాను. ఒక్కటే పీడ, స్టీరింగు వదిలితే ఎడమకు లాగేసేది.

మా అక్క భర్త, అంటే మా బావ, ఊళ్లోనే బియ్యం మిల్లులో మెకానిక్. చదువుకోలేదు గానీ చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేవాడు. ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూద్దాం రమ్మంటే, ఒక ఆదివారం అక్కతో పాటు స్పానర్ల సంచి పట్టుకుని వచ్చాడు. కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో, పని ఆయన చేతిలో. మా నాన్న అరుగు మీద పేపరు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

కారు వాకిట్లో గచ్చు మీద దక్షిణం ముఖంగా ఉంది. టైర్ల మీద సుద్దతో గీతలు పెట్టి, రెండు ముందు చక్రాల మధ్య దూరం వాటి ముందంచు దగ్గరొకసారి, వెనకంచు దగ్గరొకసారి తాడుతో కొలిచాం. ముందు కొంచెం తక్కువుండాలని పుస్తకం చెప్పింది. అలాగే ఉంది. తర్వాత చక్రం నిటారుగా ఉందో లేదో చూడ్డానికి తాపీమేస్త్రీల గుండు తాడుకు కట్టి వేలాడదీశాం. ఎడమ చక్రం పైభాగం బయటికి వాలి ఉంది, కుడిది లోపలికి. దొరికింది దొంగ అన్నాను. బావ మాత్రం తల గోక్కున్నాడు.

ఇంతలో మా అమ్మ వచ్చి, ఇంటికి కొత్తగా వచ్చిన బండిని యముడి దిక్కుకు పెట్టుకుంటారా, ముందు తిప్పండి అని పట్టుబట్టింది. ఉత్తరం ముఖంగా తిప్పాం. నేను భోజనానికి లేచాను. బావ తర్వాత తింటానని ఉండిపోయాడు.

తినొచ్చి మళ్లీ గుండు వేశాను. ఎడమ చక్రం ఇప్పుడు లోపలికి వాలింది. పొద్దున లోపలికి వాలిన కుడిది బయటికి వాలింది. మూడుసార్లు చూశాను. నాకు మతి పోయింది. నేను అన్నం తినే వేళలో జబ్బు ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి ఎలా పోతుంది? పుస్తకం తిరగేసినా ఏమీ బోధపడలేదు. లెక్క తెగకపోతే మనిషి మీద పడడం నాకు అలవాటు.

"నేను తినొచ్చేలోగా ఏటి కెలికీసినావు బావా?"

ఏటీ ముట్టుకోలేదన్నాడు. ముట్టుకుంటే ముట్టుకున్నానని చెప్పు, అబద్ధాలెందుకు అన్నాను. నాన్న ముందే అన్నాను. అత్తారింట్లో అల్లుణ్ణి అనే మాటా అది! బావ స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకుని, అన్నం తినకుండా వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ ఈ గడప తొక్కేదాకా తనూ తొక్కనని అక్క చెప్పేసింది. మేం చేసిన గ్రీజు మరకలు కడిగి తనూ పోతానని, కోపంగా బిందెడు నీళ్లు కారు కింద కుమ్మరించింది.

నీళ్లు ఎడమ చక్రం దగ్గర నుంచి కుడి చక్రం వైపు జారి, తిన్నగా ఈశాన్యం మూల తూముకు పోయాయి. వాస్తు ప్రకారం నీళ్లు అటే పోవాలని మా తాత వాలు పెట్టించిన గచ్చు అది. చిన్నప్పుడు కాగితం పడవలు వదిలింది దాని మీదే. కారు తిరిగింది గానీ నేల తిరగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

కారు తీసుకుని మిల్లుకు పరిగెత్తాను. బావ బస్తాల మీద కూర్చుని అటుకులు తింటున్నాడు. నేల వాలు బావా, అన్నాను.

"తెలుసురా. బండి తిప్పగానే తెలిసింది. అరుగు మీద మీ నాయినున్నాడు. లెక్కల మాస్టరువి, ఆయన ముందర నీకేటి సెప్పీది? నువ్వు తినొచ్చాక పక్కకి పిలిసి సెబుదామనుకున్నాను."

చెయ్యి పట్టుకుని, తప్పయిపోయింది, అన్నానికి రమ్మన్నాను. ఆయన లేచి, వాలు లేని మిల్లు గచ్చు మీద చక్రాలు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. ఎడమ టైరులో గాలి తక్కువ, అంతే. పుస్తకంలో మొదటి వాక్యమే గాలి చూసుకోమని. అది నేను దాటేశాను.

గాలి కొట్టి, నా పక్కన కూర్చుని ఇంటికొచ్చాడు. కారు ఎటూ లాగలేదు. అమ్మ వడ్డిస్తే కడుపునిండా తిన్నాడు. స్పానర్ల సంచి మాత్రం మిల్లులోనే వదిలేశాడు. ఆ తర్వాత పండగలకు వచ్చాడు, పెళ్లిళ్లకు వచ్చాడు. ఆ సంచి మళ్లీ మా వాకిట్లోకి రాలేదు.