పిడుగు కొడవలికి నేను పెట్టిన వెల

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్న బరువు ఏమిటో చెబితే మీకు నవ్వు రావచ్చు. ఒక ఆటలో అబద్ధం చెప్పాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, కోయంబత్తూరులో, ఒక గోడౌన్ పై గదిలో, పాచిక మీద పడిన అంకె దాచి పడని అంకె చెప్పాను. అంతే. నవ్వాలనిపిస్తే నవ్వండి. కానీ మొత్తం విన్నాక నవ్వండి.

ముందే చెబుతున్నాను, ఇది కన్నీళ్ళతో రాస్తున్నది కాదు. పళ్ళు కొరుక్కుంటూ రాస్తున్నాను. ఎవరి మీద కోపం? మా మురళి బావ మీద. 'బ్యాలెన్స్' అనే మాట మీద. ఆ మాట వెనక నక్కి కూర్చున్న నా మీద.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వీరుడో వీరురాలో అవుతారు. కోటలు, రాక్షసులు, మంత్రాల ఆయుధాలు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. గేమ్ మాస్టర్ పాచిక మాత్రం అట్ట తెర వెనక పడుతుంది, ఎవరికీ కనబడదు. ఆ అట్ట వెనక కూర్చునేది నేను.

గది మురళి బావది. కింద వాళ్ళ మోటారు పంపుల గోడౌన్, పైన మేము. బావ, బావ స్నేహితుడు దీపక్, నేను, ఎస్తేరు. ఎస్తేరును తెచ్చింది నేనే. మా పెద్దమ్మకు స్కాన్ తీయించడానికి వెళ్ళిన చోట ఆమె కౌంటర్లో ఉండేది. పెద్దమ్మ నాతో తెలుగులో విసుక్కుంటుంటే, "కొంచెంసేపు కూచోండమ్మా, ఇప్పుడు పిలస్తారు" అని తెలుగులోనే అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా వాళ్ళు ఎన్నో తరాల కింద ఇక్కడికి వచ్చి భూములు చేసినవాళ్ళు, ఇప్పుడు పంపులు, మిల్లులు. ఆమె వాళ్ళూ ఎన్నో తరాల కింద వచ్చినవాళ్ళే, ఊరు ఊడ్చే పనికి. రెండు ఇళ్ళలోనూ అదే తెలుగు, సగం తమిళం కలిసిన తెలుగు, 'నేనే' అనడానికి 'నేనుదా' అనే తెలుగు. ఒకే భాష కదా అని మురిసిపోయి ఆటకు రమ్మన్నాను.

కింద నుంచి అత్త టీ పంపేది. మాకు స్టీలు టంబ్లర్లు. ఎస్తేరుకు పేపర్ కప్పు. మొదటి వారమే చూశాను. ఏమీ అనలేదు. తర్వాత ఏ వారమూ అనలేదు. అనకపోవడం నాకు అంత తేలిగ్గా ఎలా అలవాటైంది?

ఎస్తేరు మా అందరికన్నా బాగా ఆడేది. ఆమె సృష్టించుకున్నది ఒక కొండపిల్ల. ఆ పిల్లకు చనిపోయిన అన్న ఒకడు. అడవిలో నడవడం, జంతువు అడుగు చూసి దాని ఆకలి చెప్పడం అన్నీ అతనే నేర్పాడట. ఏ గుహలోకి అడుగుపెట్టేముందైనా ఆ పిల్ల ఆగి, "మా అన్న అయితే ఏం చేసుంటాడు?" అనుకునేది. ఒకరోజు బస్‌స్టాప్‌లో నిలబడి ఉంటే ఎస్తేరు నాకొక్కదానికే చెప్పింది.

"ఆ అన్న మా శాముదా అక్కా. ఒట్టన్‌చత్రం నుంచి కూరగాయల లారీ తోలేవాడు. ఘాట్ రోడ్డులో పోయినాడు. ఇంటికొస్తే సందు మొదట్లోనే ఈల వేసేవాడు, నేను అన్నం పెట్టేదానికి. ఇంట్లో వాడి పేరెత్తితే అమ్మ పడిపోతాది. ఇక్కడ మాత్రందా వాడి గురించి మాట్లాడేదానికి అవుతా ఉండాది."

నాకు తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ బల్ల దగ్గర ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

పిడుగు కొడవలి ఆమెకు దొరికింది నా కథలోనే. ఒక కొండ కనుమను కాపలా కాసే ముసలి భూతాన్ని బావా దీపకూ నరకబోయారు. ఎస్తేరు కొండపిల్ల మాత్రం దాని పక్కన కూర్చుని, ఎన్నాళ్ళుగా కాస్తున్నావు, నీకు విసుగు రాలేదా అని అడిగింది. నాకు ఎంత నచ్చిందంటే, అప్పటికప్పుడు ఒక ఆయుధం కల్పించి భూతం చేత ఇప్పించాను. మామూలు శత్రువు మీద అది మామూలు కొడవలి. పట్టుకున్న మనిషికన్నా పెద్దదాని మీద దెబ్బ మూడింతలు.

ఆలోచించకుండా ఇచ్చాను. తప్పు అక్కడే మొదలైంది, కానీ అది చిన్న తప్పు. మా కథలో వచ్చేవన్నీ మనిషికన్నా పెద్దవే. డ్రాగన్లు, రాక్షసులు, నడిచే విగ్రహాలు. ఎస్తేరు రెండు దెబ్బలు వేస్తే యుద్ధం అయిపోయేది. మిగతా ఇద్దరికీ పనిలేదు. బావ ఫోన్ చేశాడు.

"ఏమే, ఆటలో బ్యాలెన్సే లేదు. ఆ పిల్ల ఒక్కతే ఆడతా ఉండాది. మేము చప్పట్లు కొట్టేదానికి వస్తామా?"

అతను అన్నది అబద్ధం కాదు, అదే నా ఒళ్ళు మండిస్తుంది. ఆయుధం నిజంగానే ఎక్కువ బలంగా ఉంది. కానీ అంతకుముందు ఏడాది దీపక్ దగ్గర మండే ఈటె ఉండేది, అది ఇంతకన్నా అన్యాయం. అప్పుడు ఎవరికీ బ్యాలెన్స్ గుర్తుకు రాలేదు. పేపర్ కప్పులో టీ తాగే పిల్ల చేతికి బల్ల దగ్గర అందరికన్నా పెద్ద ఆయుధం వచ్చాకే గుర్తుకొచ్చింది. బావ ఆ మాట అనలేదు. అనక్కర్లేదు, నాకు అర్థమైంది. అర్థమయ్యీ, "సరి బావా, చూస్తాను" అన్నాను.

దిద్దడానికి ఎన్ని దారులు! చిన్న చిన్న శత్రువులను గుంపుగా పంపితే కొడవలి మామూలైపోతుంది. రోజుకొకసారే మెరుస్తుంది అనవచ్చు. మిగతా ఇద్దరికీ అంత మంచి ఆయుధాలు ఇవ్వవచ్చు. ఎస్తేరే ఒక దారి చెప్పింది: "నేను కొట్టినప్పుడంతా సగం దెబ్బ నాకూ తగలనీ అక్కా." ఎంత మంచి నియమం! దెబ్బ వేసేముందు ప్రతిసారీ ఆలోచించాల్సి వస్తుంది. నాకు తట్టనిది ఆమెకు తట్టింది. అందుకే వద్దన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ కారణం అదే.

నా నియమం వేరు. పెద్దదాన్ని చంపిన ప్రతిసారీ గేమ్ మాస్టర్ ఇరవై ముఖాల పాచిక వేస్తుంది. ఒకటి పడితే కొడవలి, పట్టుకున్న మనిషి జ్ఞాపకం ఒకదాన్ని తినేస్తుంది. ఏ జ్ఞాపకమో నేను చెబుతాను. అందరూ సరే అన్నారు. ఎస్తేరు కూడా. నన్ను నమ్మింది కాబట్టి.

ఆ ఆదివారం నా ఉప్పు కోట రాజు రావలసిన రోజు. నెలల తరబడి తయారు చేసుకున్న విలన్. అతని మాటలు, అతని గొంతు, అతను చావబోయేముందు చెప్పాల్సిన రహస్యం అన్నీ అద్దం ముందు నిలబడి సాధన చేశాను. రాజు గుమ్మంలోకి వచ్చాడు, మనిషికి రెండింతలు ఎత్తు. ఎస్తేరు పాచిక వేసింది, అదృష్టం కలిసొచ్చింది, ఒక్క దెబ్బకు పడిపోయాడు. నోరు తెరవకుండానే పోయాడు. ఎస్తేరు చిన్నపిల్లలా ఎగిరి చప్పట్లు కొట్టింది. బావ నావైపు చూశాడు. చూశావా, అన్నట్టు.

నాకు కళ్ళు మసకబారేంత కోపం వచ్చింది. అట్ట వెనక పాచిక వేశాను. పదిహేడు.

"ఒకటి పడినాది," అన్నాను.

ఎస్తేరు ఇంకా నవ్వుతూనే ఉంది. "అయ్యో! ఏం పోతాది అక్కా?"

"నీ అన్న. వాడి మొకం, వాడి గొంతు, ఆ ఈల. నీకు అన్న అనేవాడు ఉన్నట్టే ఇంక నీకు తెలీదు."

ఆమె నవ్వు ఆగలేదు వెంటనే. పెదవుల మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"అది ఒద్దక్కా. చెయ్యి తీసుకో. కన్ను తీసుకో. కొడవలే తీసుకో, నాకొద్దు. అన్నను మాత్రం విడు."

"డైస్ పడినాది ఎస్తేరూ. రూల్ అంటే రూల్. అందరికీ ఒకటేదా."

"గేమ్ దానే, ఎందుకింత సీరియస్?" అన్నాడు బావ.

ఎస్తేరు చేతిలోని పాచికను బల్ల మీద పెట్టేసింది. "సరి," అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. దీపక్‌కు ఏమీ తెలియదు, పాపం, ఊరికే కథలో భాగంగా అడిగాడు: దారిలో మీ అన్న సమాధి ఉంది కదా, దండం పెట్టుకుని పోదామా? అందరం ఎస్తేరు వైపు తిరిగాం. నియమం ప్రకారం ఆడాలి కదా. ఆమె ఆడింది. మా బల్ల దగ్గర నియమాన్ని నిజాయితీగా పాటించింది ఆమె ఒక్కతే.

"ఎవరి అన్న?" అంది. "నాకు అన్న లేడు."

నేను అప్పుడైనా నోరు తెరవవచ్చు. తప్పు చూశాను, ఒకటి కాదు అనవచ్చు. ఎవరు కాదంటారు? అనలేదు. తర్వాతి గది ఎలా ఉందో వర్ణించడం మొదలుపెట్టాను.

డ్యూటీ మారిందని మెసేజ్ పెట్టి ఎస్తేరు రావడం మానేసింది. "ఇప్పుడుదా బ్యాలెన్స్ సరిగ్గా ఉండాది," అన్నాడు బావ. పిడుగు కొడవలి అతని వీరుడికే వెళ్ళింది. అదే నియమం, అదే వెల. అతనికి ఒకసారి నిజంగానే ఒకటి పడింది. చిన్నప్పుడు తిన్న మామిడిపండు రుచి మరిచిపోయావు, అన్నాను. అందరం నవ్వుకున్నాం.

ఇంకా ఉంది. ఈ ఆటలు ఆడేవాళ్ళు ఎక్కువయ్యాక నాకు కొంచెం పేరు వచ్చింది. బెంగళూరులో ఒక సభలో మంత్రాయుధాల బ్యాలెన్స్ గురించి మాట్లాడమన్నారు. ఏం ఉదాహరణ చెప్పానో తెలుసా? పిడుగు కొడవలి. బలాన్ని తగ్గించకండి, దానికి వెల పెట్టండి, ఆ వెల ఆటగాడి మనసుకు తగలాలి అన్నాను. ఒక అమ్మాయి బల్ల దగ్గర ఎంత కదిలిపోయిందో వర్ణించాను. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎస్తేరు బాధను తీసుకెళ్ళి నా తెలివిగా అమ్ముకున్నాను. ఒకసారి కాదు. పిలిచిన ప్రతిచోటా.

పోయిన ఏడాది మేట్టుపాళయం స్టేషన్లో, కొండ రైలు కోసం నిలబడి ఉంటే, వెనక నుంచి "అక్కా" అని వినబడింది. ఎస్తేరు. అక్కడే పెళ్ళి చేసుకుని, ఒక ఆసుపత్రిలో పనిచేస్తోందట. బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం. తర్వాత అడిగింది.

"ఒక మాట అడగతా, తప్పుగా తీసుకోవద్దు. ఆ రోజు నిజంగా ఒకటేనా పడినాది?"

దేవుడు అవకాశం ఇంత తిన్నగా చేతిలో పెడతాడా? పెట్టాడు.

"ఒకటేదా," అన్నాను.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "మన్నించక్కా. నువ్వు కావాలని చేసినావని ఇన్నాళ్ళు మనసులో నిన్ను తిట్టుకొంటా ఉన్నా. పాపం నీ మీద నింద వేసినా."

"పరవాలేదు, విడు," అన్నాను.

చదివారా? ఆమె నన్ను క్షమాపణ అడిగింది. నేను ఇచ్చాను. పెద్దమనసుతో, భుజం తట్టి మరీ ఇచ్చాను. ఆ చెయ్యిని ఏం చేయాలి నేను? ఆటలో చేసింది కోపంలో చేశాననుకుందాం. స్టేషన్లో ఏ కోపమూ లేదు. చల్లగా, ఆలోచించి, పరువు కోసం చేశాను. ఆమెకు మిగిలింది తన అనుమానం ఒక్కటే, అది నిజం కూడా. దాన్ని కూడా ఆమె చేతే తప్పనిపించాను.

బావకు చెప్పి చూశాను. పడీ పడీ నవ్వాడు. గేమ్ మాస్టర్లు అందరూ డైస్ మారుస్తారు, అది నీ హక్కు అన్నాడు. నిజమే, మారుస్తారు. నేనూ మార్చాను, చావబోయే వీరుణ్ణి బతికించడానికి, చప్పగా ఉన్న కథకు ఉప్పు వేయడానికి. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు హాయిగా పడుకోవాలని కూడా చూశాను. కుదరలేదు. నేను మార్చింది కథ కోసం కాదు. బల్ల మీద ఎవరు ఎంత ఎత్తులో ఉండాలో మా అత్త టీతో చెప్పింది, నేను పాచికతో చెప్పాను.

దీన్ని తెలుగులో ఎందుకు రాస్తున్నాను? మా ఇళ్ళలో తెలుగు నోటికే, కంటికి కాదు. బళ్ళో అందరం తమిళమో ఇంగ్లీషో చదివాం. నేను పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. బావకు చదవడం రాదు. ఎస్తేరుకూ రాదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఇది ఒప్పుకోలే కానీ పిరికి ఒప్పుకోలు. మీరు నన్ను మెచ్చుకోవద్దు. క్షమించవద్దు కూడా, ఆ పని మీది కాదు. ఆమె నంబరు నా దగ్గర ఉంది. ఇంకా చేయలేదు.

ఇది రాస్తుంటే మా అమ్మ వచ్చి వెనక నిలబడింది. ఆమెకూ చదవడం రాదు.

"ఏమిటే, మొకం అట్ల పెట్టుకొని ఏం రాస్తా ఉండావు?"

ఏమీ లేదనబోయాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"ఒక పిల్లకు అబద్ధం చెప్పినానమ్మా. రెండు తడవలు."

"ఏ పిల్లకు?"

"ఎస్తేరుకు," అన్నాను. గట్టిగానే అన్నాను.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను.