దానంతటదే పూడుతున్న సందు

టైలర్ మాస్టారి కంటికి వంకర లేని మనిషి ఇంతవరకూ కనబడలేదు. కొలతలకి నిలబడ్డవాడి కుడి భుజం ఎడమదానికంటే అరంగుళం కిందికి ఉందని వాడి మొహం మీదే చెప్పేసేవాడు. పెళ్లయి పాతికేళ్లయినా ఆ సంగతి గమనించని భార్యలు పక్కన నిలబడి నోరెళ్లబెట్టేవాళ్లు.

అలాంటి మాస్టారికి ఎడమవైపు కింది దవడలో ఒక దంతం పుచ్చి, పీకించుకోవలసి వచ్చింది. పుండు మానాక, రెండు నెలలకి వచ్చి అక్కడ పన్ను కట్టించుకోమంది డాక్టరమ్మ. ఖాళీ వదిలేస్తే పక్క పళ్లు అందులోకి ఒరుగుతాయనీ, పైపన్ను ఆనుకునే ఆధారం లేక కిందికి దిగుతుందనీ, దవడ ఎముక కూడా తరిగిపోతుందనీ ఓపిగ్గా చెప్పింది. మాస్టారు బుద్ధిగా తలూపి, అంతా పెడచెవిన పెట్టాడు.

"కనపడని పన్నుకి ముస్తాబెందుకే?" అన్నాడు దుకాణానికొచ్చి భార్యతో.

"కాలర్ లోపల కాన్వాస్ కూడా కనపడదుగా, అదెందుకు వేస్తున్నారు?" అందావిడ, కాజాలు కుడుతూ తలెత్తకుండానే.

కాలర్ సంగతి వేరని మాస్టారు కత్తెర అందుకున్నాడు. జవాబు దొరకనప్పుడల్లా ఆయనకి కత్తిరించాల్సిన గుడ్డ గుర్తొస్తుంది.

అంతటితో ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతాడు? ట్రయల్ రూం అద్దం ముందు నోరు బార్లా తెరిచి, ఆ సందులో సరిగ్గా ఇమిడేలా కాన్వాస్ ముక్క కత్తిరించి, దాన్ని టేపు మీద పెట్టి చూశాడు. పదకొండు మిల్లీమీటర్లు. ఏడాది తిరిగేసరికి తొమ్మిదయింది. మాస్టారు చంకలు గుద్దుకున్నాడు. చిరిగిన గుడ్డకి రఫూ చేసేవాడు కావాలి గానీ దేవుడు కుట్టిన ఒంటికి అక్కర్లేదనీ, సందు దానంతటదే పూడుకుంటోందనీ టముకు వేశాడు. రెండో ఏడాదికి ఏడున్నర. జాకెట్టు ఆది ఇవ్వడానికి వచ్చినావిడ కూడా ఆ లెక్క విన్నాకే కదలాలి.

ఈలోగా నమలడమంతా కుడివైపుకి మారింది. వేయించిన వేరుశనగలంటే ఆయనకి ప్రాణం. మధ్యాహ్నం మిషను ఆపి గుప్పెడు తినకపోతే తర్వాత పని సాగేది కాదు. వాటిని మెల్లగా మానేశాడు. సందు పక్కన ఇరుక్కున్న మెతుకులు గుండుసూదితో తీస్తున్నాడని కనిపెట్టి భార్య పెద్ద గొడవే చేసింది. ఒక్క పన్నుతో పోయేదాన్ని ఈ మనిషి నోరంతా పోగొట్టుకునేదాకా తెచ్చుకుంటాడేమోనని ఆవిడ భయం. ఆయన మాత్రం కొలత ఆరుకి దిగిందని చీటీ మీద వేసుకున్నాడు.

ఆ వారమే దవడ వాచింది. భార్య వెంటబెట్టుకుని తీసుకెళ్తుంటే, అంత నొప్పిలోనూ ఆ చీటీ జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ చేత తప్పు ఒప్పించాలి కదా.

ఆవిడ చీటీ చదివి, చేతికి అద్దం ఇచ్చింది. సందు పూడలేదు. వెనక దంతం అందులోకి ఒరిగి పడుకుంది. దాని కింద తిండి చేరి పుచ్చు వేరుదాకా పోయింది. పైపన్ను కిందికి జారి కింది చిగుళ్లని పొడుస్తోంది. ఎదుటివాడి భుజాల్లో అరంగుళం పట్టేసే మనిషి తన నోట్లో వంకరని మూడేళ్లపాటు టేపుతో కొలిచి మరీ సంబరపడ్డాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"ఇది అప్పట్లో నిక్షేపంలాంటి పన్నండీ," అంది డాక్టరమ్మ ఒరిగిన దంతం చూపించి. "ఇప్పుడు దీన్నీ తీసెయ్యాలి."

మాస్టారు అద్దం దించలేదు. వచ్చినవాళ్లందరికీ తను శుభవార్తలా చెప్పుకున్నది ఒక మంచి పన్ను చావుకబురని అర్థమై, ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

"రెండిటికీ కొలతలు ఇవాళే తీసుకుంటారా?" అని అడిగాడు.

పుండు మానాక, రెండు నెలలకి రమ్మంది డాక్టరమ్మ. మాస్టారు బుద్ధిగా తలూపాడు.

"తేదీ నాకు చెప్పండమ్మా," అంది భార్య.