మా బావ చీలమండ పట్టు

మా చెల్లెలి మొగుడు చక్రధర్ అంతర్జాతీయ మల్లయోధుడు. ఈ మాట ఎవరికి చెప్పినా, వేళాకోళం చేస్తున్నానేమోనని ముందు నా ముఖంలోకి చూస్తారు. వాళ్ల తప్పేం లేదు. ఈ పరాయి దేశంలో మేముండే టాంపినీస్ పేటలో రోజూ పొద్దున్నే లాప్‌టాప్ సంచీ తగిలించుకుని ఫీడర్ బస్సు వెంట పరుగెత్తే బ్యాంకు సాఫ్ట్‌వేర్ మనిషి మా బావ. చెవులు మాత్రం నూనెలో ముడుచుకుపోయిన అప్పడాల్లా ఉంటాయి. అవి కుస్తీలో నలిగినవి.

మనీలా, జకార్తా, నాంపెన్ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లి, పదకొండేళ్లలో పద్నాలుగు అంతర్జాతీయ కుస్తీలు పట్టాడు. పద్నాలుగూ ఓడాడు. అంత క్రమశిక్షణ గల మనిషిని నేను చూడలేదు.

దీనికంతటికీ మూలం గుడివాడ దగ్గర మా ఊరి కబడ్డీ. ఆ రోజుల్లో కూతకొచ్చినవాడి చీలమండ బావ చేతికి చిక్కిందంటే ఉడుము పట్టే. ఇక్కడికి ఎమ్మెస్ చదవడానికి వచ్చి, యూనివర్సిటీలో కుస్తీ క్లబ్బు కనిపించగానే వెనకాముందూ చూడకుండా చేరిపోయాడు. చేరాక తెలిసింది, అది గ్రీకో-రోమన్ కుస్తీ అని. అందులో నడుము కింద చెయ్యి వెయ్యకూడదు. కింద పడకుండా అవతలివాడి కాలు పట్టుకుంటే హెచ్చరిక, అవతలివాడికి రెండు పాయింట్లు. కాలు పట్టడం తప్ప మరో విద్య రాని మనిషి ఏరికోరి ఈ ఆటలోకే ఎందుకొచ్చాడో ఆ పరమేశ్వరుడికే తెలియాలి. మానెయ్యమని ఏటా చెప్పాను. వింటేగా! తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పద్నాలుగు ఓటముల్లో తొమ్మిది ఆ చెయ్యి చేసిన నిర్వాకమే.

ఆ చెయ్యిని మాన్పించడానికి మా చెల్లెలు భువన రెండు బియ్యం సంచులు కలిపి, పాత చీరలు కుక్కి నిలువెత్తు బొమ్మ కుట్టిచ్చింది. ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో బావ దాన్ని నడుం పట్టి లేపి వెనక్కి విసురుతుంటే, లిఫ్టు కోసం నిలబడ్డ ముసలమ్మలు లెక్కపెట్టేవారు. బొమ్మకు కాళ్లు లేవు. భువన కావాలనే కుట్టలేదు.

ఆదివారాలు హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్ల సముదాయంలో, టిష్యూ పొట్లం పెట్టి మాకోసం టేబుల్ చోప్ చేసేదీ, అంటే ముందే ఆపి ఉంచేదీ ఆయనే. మేం పరాటాలు లాగిస్తుంటే, బరువు పెరగకూడదని చక్కెర లేని కాఫీ తాగుతూ మా నోళ్లవంక చూసేవాడు. పాపం అనిపించేది గానీ, నా పరాటా ఎప్పుడూ ఆగలేదు.

ఈ ఏడు బావకు ముప్పై ఏడు నిండాయి. మెడ నరం నొక్కుకుపోతోంది, ఇక చాలించమన్నాడు డాక్టరు. మే నెలలో ఇక్కడే జరిగే ఆహ్వాన పోటీ ఆఖరిదని భువనకు మాటిచ్చాడు. ఎనిమిదేళ్ల కూతురు అమూల్య తండ్రి కుస్తీ అంతవరకూ చూడలేదు. ఆ రోజు బయల్దేరేముందు అడిగింది:

"డాడీ, వన్ టైమ్ ఓన్లీ గెలువు. కెన్ ఆర్ నాట్?"

"కెన్" అన్నాడు బావ.

ఎదుటివాడు ఇరవై రెండేళ్ల థాయ్ యువకుడు. బావ వాణ్ణి నడుం పట్టి లేపి, అచ్చం చీరల బొమ్మను విసిరినట్టే విసిరాడు. నాలుగు పాయింట్లు! అమూల్య కుర్చీ ఎక్కి గంతులేసింది. తర్వాత అవతలివాడు కిందామీదా పడి మూడు తెచ్చుకున్నాడు. గడియారంలో ఇంకా పది సెకన్లున్నాయి. వాడు తోసిన తోపుకు బావ ఒక మోకాలి మీదికి జారాడు, అయినా వాడి నడుం వదల్లేదు. అలాగే కరుచుకుని ఉంటే చాలు. వాడి చీలమండ మాత్రం బావ చేతికి జానెడు దూరంలో ఉంది.

మొదటి వరసలోంచి ఒక ప్రబుద్ధుడు లేచి గొంతు చించుకున్నాడు. "బావా, కాలు పట్టు!"

ఆ ప్రబుద్ధుణ్ణి నేనే. పదకొండేళ్లు ఆయన చేతిని ఎగతాళి చేసిన నోరే అది. నేనూ ఆ ఊరి కబడ్డీ దుమ్ములో పెరిగినవాణ్ణేగా.

బావ చెయ్యి కాలి మీద పడింది. రిఫరీ ఈల వేశాడు. రెండు పాయింట్లు అటు పోయాయి, మిగిలిన సెకన్లూ పోయాయి. నాలుగు, అయిదు. పదిహేనో ఓటమి.

భువన నావంక చూడలేదు. తిట్టినా బాగుండేది. అమూల్య మాత్రం నా దగ్గర నుంచి దూరంగా జరిగి, "మామా, వై యూ షౌట్?" అంది.

బావ తువ్వాలు మెడకు చుట్టుకుని వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నా జోకులన్నీ ఎటు పోయాయో, ఏడుపొచ్చేసింది. నా వల్లే ఓడిపోయావని చెప్పి ఆయన చేతులు పట్టుకున్నాను. బావ ఒకసారి కూతురివంక చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పదకొండేళ్ల నుంచి మానెయ్యమంటున్నావు. ఒక్కనాడన్నా నీ మాట విన్నానా బావా, ఇవాళ వినడానికి?"

అది అబద్ధమని నాకు తెలుసు, భువనకూ తెలుసు. అమూల్య నమ్మింది. బస్టాపు దాకా నా వేలు పట్టుకునే నడిచింది.